ఆకుపచ్చ పడవ ఎదుటి హోటలు

1995 మార్చిలో నన్ను ఆమ్‌స్టర్‌డామ్ పంపారు. అప్పట్లో నేను ఖతార్‌లో, రాస్ లఫాన్ గ్యాసు కర్మాగారం నిర్మాణంలో క్వాలిటీ ఇన్‌స్పెక్టర్ని. మా గ్యాసు లైన్లకు బిగించే వాల్వులు ఆమ్‌స్టర్‌డామ్ ఫ్యాక్టరీలో తయారయ్యాయి. సోమవారం వాటి పీడన పరీక్షకు నేను దగ్గరుండాలి.

మా చీఫ్ ప్రసాదరావుగారిది గుంటూరు. బయలుదేరే ముందు ఒకటికి రెండుసార్లు హెచ్చరించారు. "చూడవయ్యా, ఇది విట్‌నెస్ పాయింటు. నువ్వు లేకపోతే వాళ్ళు ఆగరు, కానిచ్చేస్తారు. ఆ వాల్వులు కారితే ఇక్కడ మనుషులు పోతారు." సోమవారం పొద్దున కారు హోటలుకే వస్తుందన్నారు.

ఆదివారం ఊరు చూడ్డానికి బయటపడ్డాను. దోహాలో మాకు ఇంటి నంబర్లతో పనిలేదు. ఉత్తరాలు పోస్టు బాక్సుకొస్తాయి, దారి రౌండెబౌట్ల లెక్కన చెప్పుకుంటాం. ఆ అలవాటు కొద్దీ హోటలు పేరైనా చూసుకోకుండా, ఎదుటి కాలవలో ఉన్న ఆకుపచ్చ పడవను గుర్తు పెట్టుకున్నాను.

గూని వంతెనలు, సన్నగా పైకి సాగిన ఇళ్ళు, వాటి కొమ్మున సామాను లాగే ఇనప కొక్కేలు చూశాను. చర్చి గోపురం చూశాను. గాజు కప్పు పడవలో తిరిగాను. తీరా వెనక్కి మళ్ళేసరికి ఏ కాలవ చూసినా ఇందాకటి కాలవే! అవన్నీ ఒకదాని చుట్టూ ఒకటి నెలవంకల్లా తవ్వారని నాకు తెలియదు. దాటిన వంతెన మీదకే మళ్ళీ మళ్ళీ వచ్చాను. ఫ్యాక్టరీకి సెలవు, ఫోను ఎత్తేవాళ్ళు లేరు. నిజంగా భయం వేసింది.

చివరికి ఆకుపచ్చ పడవ కనబడింది. ప్రాణం లేచొచ్చింది. ఎదుటి తలుపు తట్టి, తీసినాయన్ని గది తాళంచెవి అడిగాను. ఇది మా ఇల్లన్నాడాయన. పొద్దున ఇక్కడే హోటలుందని నేను వాదించాను. ఆ గొడవకు పడవలోంచి ఒక ముసలావిడ తల బయటపెట్టింది. వంతెన బాగుచేసేవాళ్ళు జరపమంటే మధ్యాహ్నం పడవను హోటలు ఎదుటి నుంచి ఇక్కడికి తెచ్చి కట్టుకున్నానంది. ఆవిడే నవ్వుతూ వచ్చి నన్ను హోటలు గుమ్మంలో దిగబెట్టింది.

సోమవారం పరీక్షలో పీడనం కొలిచే రెండు గేజీలూ ఒకే అంకె చూపాయి. మామూలుగా అయితే సంతకం పెట్టేవాణ్ణి. ఆ రోజు మాత్రం, ఈ రెంటినీ దేనితో సరిచూశారని అడిగాను. ఇంజనీర్లు రికార్డులు తిరగేశారు. రెండూ ఒకే పాత గేజీతో సరిచూసినవి, ఆ గేజీయేమో కిందపడి దెబ్బతిన్నదట. వేరే గేజీ తెప్పిస్తే, అసలు పీడనం ఆ అంకె దాకా చేరనే లేదని తేలింది. సరైన పీడనంతో మళ్ళీ పరీక్షిస్తే ఒక వాల్వు కారింది.

దోహా వచ్చాక ప్రసాదరావుగారు, "ఊరేమన్నా చూశావా?" అన్నారు.

"ఊరే నన్ను తిప్పిందండీ" అన్నాను.

ఆనవాలుగా పెట్టుకున్నది కదలదని ముందు రూఢి చేసుకోవాలి, కొలతలన్నీ ఆ తరువాతే. పదవీ విరమణ దాకా ఏ గేజీ ముందు నిలబడ్డా మొదట అదే అడిగాను.