గేరయ్య ఆడిన ఒక్క గేము

గేరయ్యకు కోపం కొత్త కాదు. ముప్ఫై ఏళ్ల పైచిలుకు పెద్ద బస్సు నడిపిన మనిషికి కోపం లేకపోతే ఆ బస్సు ఎప్పుడో కాలవలో తేలేది. కాని ఆ కోపాలన్నీ రోడ్డు మీదే పుట్టి రోడ్డు మీదే చచ్చేవి. అడ్డం వచ్చినవాణ్ని రెండు మాటలనేవాడు, మలుపు తిరిగేసరికి మరిచిపోయేవాడు. ఉద్యోగం దిగాక వచ్చిన ఈ కోపం మాత్రం అలా కాదు. టిక్కెట్టు కొనని ప్రయాణికుడిలా వెనక సీట్లో తిష్ఠ వేసి, దిగమంటే దిగలేదు.

అసలు పేరు జీతాల రిజిస్టరులోనే మిగిలిపోయింది. నిండా జనంతో కొండ దిగుతుంటే బ్రేకులు తెగిపోయిన రోజున, ఒక్కొక్క గేరే తగ్గిస్తూ, మట్టిగట్టుకు బస్సును ఒరిపిస్తూ, కింద ఊరి మొదట్లో ఆవును కట్టేసినట్టు ఆపాడు. ఒక్కరికీ గోరు ఊడలేదు. ఆ రోజు నుంచి డిపోలో ఆయన గేరయ్య. కంపెనీ వాళ్లు వేదిక ఎక్కించి గోడ గడియారం ఇచ్చారు. అది ఇప్పటికీ నిమిషం తప్పదు. మలుపులో తెల్లగీత దాటి ఎదుటి బండికి అడ్డం పోయాడన్న మాట ఆయన మీద ఏనాడూ రాలేదు. పల్లెటూరి బడిలో చదివింది ఏడో తరగతే. అయితేనేం, ఇరవయ్యో ఎక్కం వరకూ నిద్రలో లేపి అడిగినా తడుముకోడు. అలాంటి మనిషి చేతిలో ఒకాయన సంచి పెట్టాడు.

ఆ సంగతి ఇలా జరిగింది. కోడలి తండ్రి, అంటే గేరయ్య వియ్యంకుడు, పెద్ద సంస్థలో మేనేజరుగా చేసి దిగినవాడు. రోజూ పొద్దున్నే క్లబ్బులో టెన్నిస్ ఆడతాడు. ఇంట్లో ఇద్దరిదీ 'బావగారూ' అంటే 'బావగారూ' అనే వరస. "మోకాళ్లు పట్టేస్తున్నాయంటున్నారుగా మామయ్యగారూ, నాన్నతో వెళ్లి కాస్త నడిచి రండి" అని కోడలు పంపింది. వెళ్లాడు. కోర్టు పక్కన సిమెంటు బెంచీ మీద మేనేజరు స్నేహితులు నలుగురు కూర్చుని ఉన్నారు.

"ఎవరండీ ఈయన?" అని తెల్లటోపీ ఆయన అడిగాడు.

"బస్సు డ్రైవరుగా చేసి..." అంటూ మేనేజరు బూటు తాడు కట్టుకోవడానికి వంగాడు.

"ఓహో, మీ డ్రైవరా? ఏమయ్యా, ఈ సంచి కాస్త నా కారులో పడెయ్యి. అదిగో, ఆ నల్లది." తెల్లటోపీ సంచి గేరయ్య చేతిలోకి వచ్చేసింది.

మేనేజరు తలెత్తాడు. చూశాడు. 'కాదు, ఈయన మా బావగారు' అనడానికి ఎంతసేపు పడుతుంది? చీమ కుట్టినంతసేపు. అనలేదు. చిన్నగా నవ్వి మళ్లీ బూటు వైపు వంగాడు. గేరయ్యకు కోడలి ముఖం గుర్తొచ్చింది. ఆ ముఖం కోసం సంచి మోసుకెళ్లి కారులో పెట్టి వచ్చాడు. అలా పెట్టినందుకు తన మీద తనకు పుట్టిన కోపం, మేనేజరు మీది కోపం కంటే బరువైంది.

తిరిగి వచ్చే దారిలో అడిగాడు. "బావగారూ, నేను మీకేమవుతాను?"

"అబ్బే, ఏదో తొందరలో అలా అయిపోయింది. వాళ్లు ఆటగాళ్లు బావగారూ, ఆడేవాళ్లనే లెక్కచేస్తారు. మీరూ ఆడితే వేరుగా ఉండేది. ఈ వయసులో మీకెక్కడ పట్టుబడుతుంది లెండి, రాకెట్టు స్టీరింగు కాదుగా!"

గేరయ్య నడక ఆపాడు. "ఒక్క గేము. మీ మీద ఒక్క గేము గెలుస్తాను. గెలిచిన పూట ఆ బెంచీ ముందు నిలబడి, నన్ను బావగారూ అని గొంతెత్తి పిలవాలి."

"అంతేగా? సెట్టు కూడా అక్కర్లేదా?" మేనేజరు పకపకా నవ్వాడు. "అలాగే కానివ్వండి."

మర్నాడే గేరయ్య క్లబ్బు వెనకవైపు, కొత్తవాళ్లకు నేర్పే కోర్టులో చేరాడు. నేర్పేది కోడలి ఈడు అమ్మాయి. నవ్వదు, అరవదు, వదలదు. ఆవిడ ఇచ్చిన రాకెట్టును గేరయ్య స్టీరింగులా రెండు చేతులా పట్టుకుని ఒళ్లోకి తెచ్చుకున్నాడు.

"తాతగారూ, దాన్ని తిప్పకూడదు. ఎవరైనా ఎదురైతే చెయ్యి కలుపుతారే, అలా పట్టుకోండి."

"ఎదురైనవాళ్లతో చెయ్యి కలిపే రోజులు కావమ్మా ఇవి."

"అయినా పట్టుకోండి."

పట్టుకున్నాడు. మొదటి బంతి కంచె దాటింది. రెండోది సైకిళ్ల షెడ్డు రేకు మీద పిడుగులా పడింది. మూడోది కనిపించలేదు.

"ఎవరి మీద తాతగారూ కోపం?"

"బంతి మీద."

"అదేం చేసింది?"

"నవ్వుతోంది."

అమ్మాయి అప్పుడూ నవ్వలేదు. "కోపం కాళ్లలో పెట్టుకోండి, పరిగెత్తడానికి పనికొస్తుంది. చేతిలో పెట్టుకుంటే బంతి వీధిలో పడుతుంది. ఇప్పుడు నేను చెప్పినట్టు చెయ్యండి. బంతి నేలకు తగలగానే 'పడింది' అనండి. రాకెట్టుకు తగలగానే 'కొట్టా' అనండి. మనసులో కాదు, పైకి."

పడింది, కొట్టా. పడింది, కొట్టా. బడిలో ఎక్కాలు వల్లించినట్టు వల్లించాడు. చిత్రమేమిటంటే, నోరు ఆ మాటల్లో పడ్డాక తిట్లకు చోటు దొరకలేదు. బంతి నెట్టు దాటి కోర్టులోనే పడటం మొదలైంది. ఎదుటివాడు కొట్టబోయే క్షణంలో మడమలు తేల్చి చిన్న గెంతు వెయ్యాలని ఆవిడ చెప్పినప్పుడు, "క్లచ్చు మీద కాలు తేల్చి ఉంచడమేగా" అని చటుక్కున పట్టేశాడు. భుజం మాత్రం పైకి లేవలేదు. అన్నేళ్ల స్టీరింగు దాన్ని బిగించేసింది. సర్వీసంటే తలపై నుంచే కొట్టాలేమోనని బెంగపడితే, కింది నుంచి కొట్టినా చెల్లుతుందని అమ్మాయి చెప్పింది. బంతి నేలకు తగలకముందే కొట్టాలి, అది ఎదురుగా కాకుండా ఏటవాలుగా ఉన్న గడిలో పడాలి, మొదటిది తప్పితే ఇంకో అవకాశం ఉంటుంది.

లెక్క దగ్గర మాత్రం పెద్ద రగడ అయింది.

"ఒక పాయింటుకి పదిహేను. రెండో దానికి ముప్ఫై. మూడో దానికి నలభై," అంది అమ్మాయి.

"నలభై ఐదు," అన్నాడు గేరయ్య.

"నలభై తాతగారూ."

"పదిహేను మూళ్లెంత?"

"నలభై ఐదే. కాని ఆటలో నలభై అంటారు."

"మరి ఆ ఐదు ఎవడు మింగాడు?"

"నాకూ తెలియదు. నలభై తర్వాత ఇంకొకటి గెలిస్తే గేము మీది. ఇద్దరికీ నలభై అయితే మాత్రం వరసగా రెండు గెలవాలి."

"లెక్క రానివాళ్లు పెట్టిన ఆట!" అని ఆ రోజంతా ఇంట్లో గొణిగాడు. భార్య వింది, వింది, చివరికి అంది. "చెట్టంత మనిషివి. ఇంత పసుపు బంతి మీద పగబట్టావేంటయ్యా? అన్నయ్యగారు ఏదో పొరపాటున..."

"పొరపాటైతే ఆ టోపీవాణ్ని సంచి వెనక్కి తీసుకోమనేవాడు," అన్నాడు.

పాఠాల్లో ఆఖరిది గేరయ్యకు అన్నిటికంటే మింగుడుపడలేదు. అంపైరు ఎవరని అడిగితే, ఇలాంటి ఆటలకు ఎవరూ ఉండరని అమ్మాయి చెప్పింది. "మీ వైపు పడ్డ బంతికి మీరే జడ్జి. ఆయన వైపు పడ్డదానికి ఆయనే. గీతను వెంట్రుకవాసి తాకినా లోపల పడ్డట్టే. సరిగ్గా కనిపించలేదంటే పాయింటు ఎదుటివాళ్లకే ఇవ్వాలి."

"దొంగ చేతికే తాళాలా?"

"ఆట మొత్తంలో ఇదే కష్టం తాతగారూ. మిగతావి ఎవరైనా నేర్పుతారు."

వానలు వెలిసి కోర్టు ఆరాక ఒక పొద్దున, బెంచీ మీద నలుగురూ ఉన్నప్పుడు, గేరయ్య పెద్ద కోర్టులోకి నడిచాడు. సర్వీసు ఆయనదే. అమ్మాయి పక్కన నిలబడి లెక్క చెబుతానంది. లెక్క మాత్రమే. గీతల సంగతి ఆడేవాళ్లదే.

కింది నుంచి కొట్టిన సర్వీసు నెట్టు దాటి పిల్లిలా మెత్తగా వాలింది. వెనక ఎక్కడో నిలబడ్డ మేనేజరు పరిగెత్తుకొచ్చేసరికి రెండోసారి నేలకు తగిలింది. పదిహేను, సున్నా.

"అదేం సర్వీసండీ, పిల్లలాట!" అని తెల్లటోపీ అరిచాడు. ఆ గొంతు వినగానే సంచి బరువు మళ్లీ చేతిలోకి వచ్చింది. కోపం కాళ్లలోంచి చేతిలోకి పాకింది. రెండు సర్వీసులూ నెట్టుకే తగిలాయి. పదిహేను, పదిహేను.

మూడో పాయింటు సాగింది. పడింది, కొట్టా, పడింది, కొట్టా. బెంచీవాళ్లు నవ్వారు. నవ్వనీ. గేరయ్య కొట్టిన బంతి పక్కగీత లోపల జానెడు దూరంలో పడి దూసుకుపోయింది. మేనేజరు వేలు పైకెత్తాడు.

"అవుట్."

"ఏంటీ?" గేరయ్య నెట్టు దాకా వచ్చేశాడు. "జానెడు లోపల పడింది! కళ్లున్నాయా?"

"నా వైపు బంతి. నా మాట," అన్నాడు మేనేజరు, చూపు కలపకుండా.

గేరయ్య అమ్మాయి వైపు తిరిగాడు. ఆవిడ పెదవులు బిగించి, "పదిహేను, ముప్ఫై" అంది. ఇంకేమైనా అనడానికి ఆవిడకు అధికారం లేదు. బ్రేకులు తెగిన బస్సులో కూడా ఇంత నిస్సహాయంగా లేడు గేరయ్య. అప్పుడు కనీసం గేర్లున్నాయి. ఒళ్లంతా మంట. ఆ మంటను పళ్ల బిగువున ఒక్కొక్క గేరూ తగ్గించుకుంటూ కాళ్లలోకి దించాడు. తరవాతి బంతిని మేనేజరే నెట్టుకు కొట్టుకున్నాడు. ముప్ఫై, ముప్ఫై. ఆ పైది ఎడమవైపు వస్తే, రెండు చేతులా రాకెట్టు పట్టి పాత అలవాటు కొద్దీ స్టీరింగు విరిచినట్టు విరిచాడు. బంతి మేనేజరుకు ఆమడ దూరాన పడింది.

"నలభై, ముప్ఫై," అంది అమ్మాయి.

ఒక్క పాయింటు. ఒక్కటి వస్తే ఆ బెంచీ ముందు 'బావగారూ' అన్న పిలుపు. సర్వీసు కొట్టాడు. మేనేజరు తిరిగి కొట్టిన బంతి ఎత్తుగా, లోతుగా వచ్చింది. గేరయ్య తల మీదుగా పోయింది. వెనక్కి తిరిగి చూశాడు. వెనకగీత చివరి అంచును, ఇంకో వెంట్రుకవాసి జరిగితే బయటే అనేలా, తాకి లేచింది.

ఇంకెవరికీ కనిపించలేదు. మేనేజరుకు నెట్టు అడ్డం. బెంచీకి గేరయ్యే అడ్డం. "అవుటేగా!" అని తెల్లటోపీ బెంచీ మీంచే తీర్పు చెప్పేశాడు. మేనేజరు అప్పుడే రాకెట్టు చంకలో పెట్టుకున్నాడు, ఓడినట్టే.

గేరయ్య నోట్లో ఆ మాట సిద్ధంగా ఉంది. అవుట్. ఇందాక వాడన్నదేగా, దెబ్బకు దెబ్బ. నా వైపు బంతి, నా మాట. ఎవడాపుతాడు? ఎవరూ ఆపరు. అదే ఆయనకు భగ్గున మండింది. మలుపుల్లో ఎవరూ చూడని తెల్లగీతలు ఎన్ని వేలు దాటకుండా వచ్చాడు! ఎవడో సంచి చేతిలో పెట్టినంత మాత్రాన ఈ గీత దాటాలా?

"లోపలే!" అని అరిచాడు. తిట్టినట్టే అరిచాడు. "గీత మీద పడింది! లోపలే!"

నలభై, నలభై. తరవాతి రెండు పాయింట్లూ గేరయ్య పోగొట్టుకున్నాడు. మోకాళ్లు లేవలేదు. గేము మేనేజరుది.

గేరయ్య చెయ్యి కలపకుండానే తన సంచి భుజాన వేసుకున్నాడు. మేనేజరు నెట్టు చుట్టూ తిరిగి వచ్చి గొంతు తగ్గించి, "ఇందాకటి మీ బంతి... లోపలే పడింది" అన్నాడు.

"నాకు తెలుసు. నాకెందుకు చెబుతారు? చెప్పాల్సినవాళ్లు అక్కడ కూర్చున్నారు."

మేనేజరు బెంచీ వైపు చూశాడు. గేరయ్య గేటు దాకా వెళ్లాక వెనక నుంచి ఆ గొంతు వినిపించింది, మొదట పీలగా, తరవాత పెద్దగా. "ఏమండీ, మూడో పాయింటు నేను తప్పు చెప్పాను. బంతి లోపలే పడింది. బావగారూ, ఆగండి! మీరు మా బావగారు, ఈ మాట వీళ్లకు ఆ రోజే చెప్పాల్సింది!"

బెంచీ మీద ఆ తెల్లటోపీ తల మీంచి దిగి ఒళ్లోకి వచ్చింది. గేరయ్య ఆగాడు. వెనక్కి తిరిగాడు. ముఖంలో కోపం ఒక్క గేరైనా తగ్గలేదు.

"ఒప్పుకున్నందుకు సంతోషం. కాని మన మాట ఏమిటి? గెలిచినప్పుడు పిలవమన్నాను, జాలిపడి కాదు. రేపు పొద్దున్న ఇదే వేళకి రండి. ఆ పిలుపు గెలిచి తీసుకుంటాను. అప్పటిదాకా ఆ మాట మీ దగ్గరే దాచండి!"

"రేపేంటండీ, మోకాళ్లు?"

"మోకాళ్లు నావి. నా వైపు. నా మాట!"

ఇంటికి రాగానే భార్య గుమ్మంలోనే అడిగింది, "ఏమైందయ్యా?"

"ఓడిపోయాను. వేడినీళ్లు పెట్టు." కుర్చీలో కూలబడి గోడ గడియారం వైపు గుర్రుగా చూశాడు. తరవాత మోకాలు నొక్కుకుంటూ వేళ్ల మీద లెక్కపెట్టాడు. పదిహేను, ముప్ఫై...

"అయినా ఆ ఐదు ఎవడు మింగాడే?" అని వంటింటి వైపు అరిచాడు.

"నన్నడుగుతావేం? రేపు వెళ్లి వాళ్లనే అడుగు," అంది ఆవిడ లోపల్నుంచి, పొయ్యి మీద నీళ్లు పెడుతూ.