రాకుమారికి చెల్లెలి ముఖం

ఆఫీసులో అందరూ ఆమెను బొమ్మలక్క అనే పిలిచేవారు. వీడియో గేములు తయారుచేసే కంపెనీలో పదకొండేళ్లుగా మనుషుల్ని గీయడం ఆమె పని. సైనికులు, దొంగలు, సత్రం నడిపే ముసలమ్మలు, ఎవరు కావాలన్నా ఆమె బల్ల మీదే పుట్టేవారు.

ఒక కొత్త గేముకి రాకుమారి కావలసి వచ్చింది. ఆడేవాడు అడవులూ కోటలూ దాటి వెళ్లి ఆమెను విడిపించాలి. అంతవరకూ ఆమె కిటికీ దగ్గర కూర్చోవాలి. ఆ కూర్చోవడం బొమ్మలక్కకు నచ్చలేదు. కథ రాసే అతనితో నెల రోజులు వాదించి రాకుమారి చేతికి కత్తి ఇప్పించింది. ముఖం దగ్గర మాత్రం చెయ్యి ఆగిపోయింది. ఏది గీసినా పౌడరు డబ్బా మీద బొమ్మలా వస్తోంది. గడువు ముంచుకొచ్చిన రోజు మధ్యాహ్నం తన చెల్లెలి ముఖం గీసేసింది, తెగిన ఎడమ కనుబొమ్మ, ఒకదాని మీదికొకటి ఎక్కిన ముందుపళ్లతో సహా.

చెల్లెలు కళ్లద్దాల దుకాణంలో పనిచేసేది. గేము చూసి పడీ పడీ నవ్వింది. "నా పళ్లు నీకేం అన్యాయం చేశాయక్కా?" అంది.

గేము విరగబడి ఆడారు. రాకుమారి బొమ్మలు గోడలకెక్కాయి. ఆమెలాగే కనుబొమ్మ మధ్యలో గీరించుకున్నవాళ్లూ ఉన్నారు. రెండో భాగంలో ఆమె, తనను విడిపించిన వీరుణ్ణి పెళ్లాడనని చెప్పి, ఒంటరిగా రాజ్యం ఏలింది. అక్కడ తిరగబడింది వ్యవహారం. మా రాకుమారిని పాడుచేశారంటూ వేల మెసేజీలు వచ్చాయి. బొమ్మలక్క వాటిని చదవడం మానేసింది.

ఒకరోజు చెల్లెలి దుకాణానికి ఒకతను వచ్చి చూపు పరీక్ష చేయించుకున్నాడు. చూపులో ఏ లోపమూ లేదు. అయినా కదల్లేదు. ఆమె నవ్వేదాకా ఆగి, పళ్లు చూసి, తలూపి వెళ్లిపోయాడు. అక్కాచెల్లెళ్లు ఆ దుకాణం ముందు కలిసి దిగిన పాత ఫొటో ఇంటర్నెట్లో ఎవరికో దొరికిందని తర్వాత తెలిసింది. మర్నాడు ఇద్దరు వచ్చారు. దుకాణం ఎన్నింటికి మూస్తారో, ఆమె ఏ బస్సెక్కుతుందో ఆటగాళ్లు ఒకరికొకరు రాసుకోసాగారు.

ముఖం మార్చాలని బొమ్మలక్క మేనేజరును అడిగింది. కావాలంటే పోలీసులకు చెప్పుకోమని, ముఖం మాత్రం కంపెనీదని అన్నాడాయన. పోలీసులు కాగితం రాసుకున్నారు. ఎవరూ ముట్టుకోలేదు కదా అన్నారు.

చివరికి ఎవరికీ చెప్పకుండా తనే మార్చేసింది. కనుబొమ్మ కలిపింది, పళ్లు సరిచేసింది. ఆ వారం గేముకి వెళ్లిన అప్‌డేట్‌తోనే కొత్త ముఖం ఆడేవాళ్లందరికీ చేరింది. పీడ విరగడైందనుకుంది.

మూడో రోజుకి దుకాణం ముందు నలభై మంది చేరారు. అరవలేదు, గొడవ చేయలేదు. అద్దం అవతల నిలబడి చూశారు, అంతే. గేములోంచి పోయిన ముఖం ఇక అక్కడే మిగిలింది మరి.

ఆ సాయంత్రం చెల్లెలు దుకాణం వెనక గుమ్మంలోంచి బయటపడి అక్క ఇంటికి వచ్చింది.

"గీసేటప్పుడు నన్నడగలేదు. చెరిపేటప్పుడూ అడగలేదు," అంది.

"భయమేసిందే," అంది బొమ్మలక్క.

"నాకూ వేస్తోంది. వాళ్లొక్కళ్లంటేనే కాదక్కా."

బొమ్మలక్క ఉద్యోగం పోయింది. ఇప్పుడు పాఠ్యపుస్తకాలకు ఆకులు, విత్తనాలు గీస్తోంది. మనుషుల్ని గీయమంటే ఒప్పుకోదు. చెల్లెలు వేరే ఊళ్లో, బయటివాళ్లకు కనిపించని వెనకగదిలో అద్దాలు అరగదీసే పనిలో చేరింది. వారానికోసారి ఫోన్ చేస్తుంది. ఏ ఊరో చెప్పదు, అక్కా అడగదు.

కంపెనీ పాత ముఖాన్నే తిరిగి పెట్టింది. మూడో భాగం వచ్చే నెలలో విడుదల. ఈసారి రాకుమారి కోట విడిచి పారిపోతుందట. ఎక్కడ దాక్కుందో కనిపెట్టి పట్టుకోవడమే ఆట.