ఆపడం నేర్చుకున్న పొద్దు

మామిడి సీజన్లో నేను బంగారుపాళ్యం దగ్గర పల్ప్ ఫ్యాక్టరీకి పనికి పోయేదాన్ని. ఒకరోజు పండ్లు కడిగే బెల్టు దగ్గర, చీర మీద తొడుక్కున్న చొక్కా చెయ్యి రోలరుకు చుట్టుకుంది. పక్కనున్న ఆమె స్విచ్ ఆపేలోపు కుడిచేతి రెండు వేళ్లు నలిగిపోయాయి. వేళ్లయితే దక్కాయి గానీ సరిగ్గా వంగవు. అప్పటినుంచి గిర్రున తిరిగేది ఏది కనబడినా దూరం జరిగేదాన్ని. ఇంట్లో మిక్సీ కూడా మా ఆయనే వేసేవాడు.

చేతికి కసరత్తు చేయించే డాక్టరమ్మ, "మట్టి పిసకండి, వేళ్లు వదులవుతాయి" అంది. ఏర్పేడులో మా అక్క వాళ్ల వీధి చివరే ఒక కుమ్మరాయన ఉన్నాడు. నెలరోజులు అక్క దగ్గరుండి నేర్చుకుందామని పోయాను. కింద కూర్చుని పిసకడమే అనుకున్నాను. ఆయన నన్ను కరెంటు సారె ముందు కూర్చోబెట్టాడు. కాలికింద పెడల్. తొక్కితే చక్రం తిరుగుతుంది, వదిలితే ఆగుతుంది.

"అంతే అమ్మణ్ణీ. భయపడేదానికి ఏముండాది?" అన్నాడు.

మోటారు గుర్రుమనగానే నాకు చెమటలు పట్టాయి. గాజులు తీసి పక్కన పెట్టాను. కొంగు నడుముకు రెండుసార్లు చుట్టి దోపుకున్నాను. అయినా దాని అంచు యాడుందోనని చూపు కిందికే పోయేది.

మూడోరోజు ఆయన సారె మీద మట్టిముద్ద కొట్టి, దాన్ని ఊగకుండా చక్రం నడిమికి తెమ్మని చెప్పి, ఆరిన కుండలు తిప్పి పెట్టడానికి పోయాడు. ముద్ద నడిమికి రాలేదు. ఊగుతూ నా అరచేతుల్ని తన్నసాగింది. వంగని వేళ్లు దాని కింద ఇరుక్కున్నట్టే అనిపించింది. ఒళ్లంతా బిగుసుకుపోయింది, కాలుతో సహా. వదలాల్సిన పెడల్ని ఇంకా గట్టిగా తొక్కేశాను. మట్టి ఎగిరి గోడకు కొట్టుకుంది. వదలాలని తెలుసు. కాలు వదలడం లేదు.

"అన్నా! అన్నా!" అని అరిచాను. ఆయన పరుగున వచ్చి ప్లగ్గు పీకేశాడు.

చక్రం ఆగినాక కూడా నేను లేవలేకపోయాను. చెయ్యి తలుపు సందులో పడిందని మొదటిరోజు ఆయనకు అబద్ధం చెప్పాను, నిజం చెబితే నేర్పించడేమోనని. ఇప్పుడు ఏడుస్తూ ఫ్యాక్టరీ సంగతంతా చెప్పేశాను.

"ముందే చెప్పింటే నిన్ను ఒంటిగా వదిలిపెడతానా?" అన్నాడు. గోడకంటిన మట్టి గీకుతూ, "రేపు రా. మట్టి వద్దు" అన్నాడు.

మర్నాడు సారె ఖాళీగా ఉంది.

"ఈ పొద్దు నీకు ఆపేదొక్కటే పని. సూడు, నేను ఊ అంటే ఆపల్ల."

తొక్కడం, ఆపడం. మొదట్లో నాలుగైదుసార్లకు ఒకసారి కాలు బిగుసుకునేది. అప్పుడు ఆయనే స్విచ్ ఆపి, మళ్లీ వేసేవాడు. స్విచ్ మీద చెయ్యి తీయకుండా నా పక్కనే కూర్చున్నాడు. చట్లు కొనడానికి వచ్చినవాళ్లను, "అట్ల కూసోండప్పా" అని కూర్చోబెట్టాడు. మధ్యాహ్నానికి ఆయన ఊ అనకముందే ఆపగలిగాను.

ముంత రావడానికి ఇంకో పదిహేను రోజులు పట్టింది. పిడికెడంత ముంత, ఒక పక్కకు ఒరిగి ఉంది. ఆయన దాన్ని దారంతో కోసి, అరచేతిలో పెట్టుకుని తిప్పి చూశాడు.

"కాలిస్తే నీళ్లు నిలుస్తాయి, చాల్లే. ఇంకొకటి చేస్తావా?"

నాకు నవ్వొచ్చింది. భయం మాత్రం పూర్తిగా పోలేదు.

"ఈ పొద్దుకు చాలన్నా" అన్నాను.