'అందరిది' అని కొట్టించిన గ్లాసు

మా వంటింటి వెనక, కుళాయి పక్కనున్న పిట్టగోడ మీద ఒక పాత స్టీలు గ్లాసు బోర్లించి ఉంటుంది. పొద్దున తలుపు తీయగానే అది కంటబడుతుంది, కంటబడగానే ఉడికిన నల్లద్రాక్ష వాసన ఎక్కడినుంచో వచ్చి ముక్కుకు తగులుతుంది.

గోదావరిఖనిలో గని కార్మికుల క్వార్టర్లు మావి. అమ్మను మేం అవ్వ అనేవాళ్లం, నాన్నను బాపు అని. అవ్వ ప్రతి నెలా మొదటి ఆదివారం కోసం, శనివారం సాయంత్రమే బొగ్గుల పొయ్యి మీద ద్రాక్ష ఉడికించేది; ఆ తీపి వాసన, పొయ్యి పొగ, డ్యూటీ దిగి స్నానం చేసి వచ్చిన బాపు ఒంటి మీది సబ్బు వాసన కలిసి మా రెండు గదుల్లో తిరుగుతుంటే, బ్లాస్టింగ్ అదురుకు అరల్లో గిన్నెలు గలగలమంటుంటే, నేనూ చెల్లెలూ మిగిలిన పిప్పి కోసం జుట్లు పట్టుకునేవాళ్లం. ఆ రసం మందిరంలో, అంటే మా చర్చిలో, ప్రభు బల్లకు. రొట్టె విరిచి పంచాక, రసం ఒకే గ్లాసులో చేతి నుంచి చేతికి వెళ్లేది.

ఆ గ్లాసు మందిరానికి బాపు ఇచ్చిందే. గిన్నెల మీద పేర్లు కొట్టే దుకాణాయన "ఎవల పేరు కొట్టాలె అన్నా?" అని అడిగితే, "అందరిది" అన్నాడట బాపు, ఏ పేరూ వద్దనే ఉద్దేశంతో. ఆయన అదే పేరనుకుని, చుక్కచుక్కగా 'అందరిది' అని కొట్టి చేతిలో పెట్టాడు. బాపు దారి పొడవునా నవ్వుకుంటూ వచ్చాడు.

తర్వాత రెండు ఆఫీసర్ల కుటుంబాలు మందిరంలో చేరాయి, వాళ్ల వెనకే పళ్లెం నిండా చిన్న చిన్న ప్లాస్టిక్ కప్పులు వచ్చాయి. జబ్బులు అంటుకుంటాయన్నారు. గనిలో ఆరుగురు కలిసి ఒకే సీసాలో నీళ్లు తాగే మనుషులకు ఆ మాట వెనకున్న కులం తెలియదా? పాస్టరయ్య గ్లాసు తెచ్చి బాపు చేతిలో పెట్టి "ఇంట్ల వాడుకో" అన్నాడు. బాపు, మా కులంవాళ్లు కొందరు కలిసి ఆరాధనకు వేరే రేకుల షెడ్డు వేసుకున్నారు.

"యేసు అందరి కోసం సచ్చిండు. మన మందిరంల ఎవలకూ వేరే కప్పు ఉండది" అని మొదటి రోజే బాపు ఆ గ్లాసు పట్టుకుని నిలబడి చెప్పాడు. ఆయన కోరుకున్నది అంతే.

ఆ షెడ్డుకు రాజవ్వ వచ్చింది. కాలనీ మురుగు మోరీలు తీసే మనిషి. మావాళ్ల లెక్కలో మాకంటే తక్కువ కులం. మా కింద కూడా ఒకరున్నారని నాకు తెలిసింది అప్పుడే. క్రిస్మస్ ఆరాధన అది. ఇంట్లో గరిజెలు తిని, కొత్త ఓణీ వేసుకుని వెళ్లాను. రాజవ్వ నా పక్కనే కూర్చుంది, రసం ఒక గుక్క తాగి రెండు చేతులతో గ్లాసు నాకందించింది. వెనకనుంచి అవ్వ "తుడువు" అని గొణిగింది. ఓణీ కొంగుతో అంచు తుడిచాను. అయినా పెదవి ఆనించలేకపోయాను. తాగినట్టు తల ఎత్తి, గ్లాసు పక్కామెకు ఇచ్చేశాను. రాజవ్వ చూసింది. బాపు కూడా చూశాడు.

మరుసటి నెల రాజవ్వను అందరికంటే చివర కూర్చోబెట్టారు. ఆ పై నెల ఆమె రాలేదు. బాపు ఆమె ఇంటికి పోయి, ఒంటరిగా తిరిగొచ్చి, గ్లాసు తెచ్చి అటక మీద పెట్టాడు.

"ఆళ్లు జేసిందే మనం గూడ జేసినం గద బిడ్డా. ఇగ మనకు వేరే మందిరం ఎందుకు?"

నన్ను ఒక్క దెబ్బ కొట్టినా బాగుండేది. చనిపోయేదాకా ఆయన మళ్లీ ప్రభు బల్లలో చెయ్యి పెట్టలేదు. దానికి కారణం నేనే.

ఇప్పుడు ఆ క్వార్టర్లు లేవు. షెడ్డు ఉన్నచోట ఓపెన్‌కాస్టు గని తవ్వి పోసిన మట్టి గుట్టగా పడి ఉంది. మేం వెళ్లే పెద్ద మందిరంలో విశ్వాసులంతా ఒక్కటేనని మైకులో చెప్పి, తలా ఒక కప్పు ఇస్తారు; తాగి చెత్తబుట్టలో వేసి వస్తాం.

గ్లాసు పిట్టగోడ మీద ఎందుకుందో చెప్పనేలేదు. మా వీధి ఊడ్చే కనకమ్మకు నేను చాయ్ పోసేది అందులోనే. ఇంట్లో గ్లాసులతో దాన్ని కలపం. ఈ పొద్దున ఆమె చాయ్ తాగి, గ్లాసు తానే కడిగి, ఆ చుక్కల మీద వేలు పెట్టి "ఏం రాసున్నదక్కా దీని మీద?" అని అడిగింది.

"ఎవలదో పేరు" అన్నాను.