మా అత్త చూడని పదును

నేను పుట్టింది ఎ.కొండూరు వైపు ఎర్రచెలకల్లో. అక్కడ వాన పడిన మర్నాడు మా నాన్న టీ కూడా తాగకుండా పొలానికి పరుగెత్తేవాడు. ఎర్రనేల పడిన నీళ్లు పడినట్టే తాగేస్తుంది, రెండో రోజుకల్లా గట్టిపడిపోతుంది, ఇక నాగలి దిగదు. అందుకే వాన వెలిసిందంటే నాకు ఇప్పటికీ కాలు నిలవదు.

పెళ్లయి పెనుగొలను వచ్చాక చూస్తే మా అత్తవారిది నల్లరేగడి. పత్తికీ మిరపకీ ఇంతకు మించిన నేల లేదంటారు గానీ, ఈ నేలకు తొందరంటే పడదు. గట్టి వాన పడితే నాలుగైదు రోజులు ఎవరూ పొలంలో కాలు పెట్టరు. దుక్కికి సరిపడా తడి మాత్రమే మిగిలేదాకా, అంటే పదును వచ్చేదాకా ఆగుతారు. ఆ పదును చూడడంలో మా అత్తకు పెద్ద పేరు. జానెడు లోతున మట్టి తీసి, పిడికిట్లో నొక్కి ఉండ చేసి, నడుమెత్తు నుంచి వదిలేది. ఉండ విచ్చిపోతే దున్నుకోవచ్చు. ముద్దలా పడిందంటే ఆగాల్సిందే. చుట్టుపక్కల రైతులు ట్రాక్టరు మాట్లాడుకునే ముందు మా గుమ్మంలోకొచ్చి, "దున్నుకోవచ్చా పెద్దమ్మా?" అని అడిగి వెళ్లేవాళ్లు. డిగ్రీ దాకా చదువుకున్న నాకు ఇదంతా చాదస్తంగా కనిపించేది.

రెండేళ్ల కిందట తొలకరికి మంచి వాన పడింది. మూడో రోజు ఎండ పేల్చేసింది. మా ఆయన లారీ డ్రైవరు, లోడు మీద వెళ్లాడు. అత్త చర్చి స్త్రీల కూటానికి తిరువూరు వెళ్తూ, "ఇంకో రెండ్రోజులు పోనీ అమ్మాయ్," అంది. ఆవిడ ఆటో ఎక్కిన గంటకి ట్రాక్టరతను వచ్చాడు.

"దున్నితే ఇవ్వాళే దున్నాలమ్మా. రేపట్నుంచి విస్సన్నపేట అవతల పని ఒప్పుకున్నా. మళ్లీ వారం దాకా ఇటు రాను."

మాకున్నది ఆ రెండెకరాలే. వారం ఆగితే ఈ తడి పోతుంది, దాంతో ఆ ఏటి పత్తీ పోతుందని నా భయం. పొలానికి పరుగెత్తాను. పైమట్టి తెల్లబారి, సన్నగా నెర్రెలు కూడా విచ్చి ఉంది. చెప్పుకాలితో తంతే పొడి లేచింది. లోపల తవ్వలేదు. తవ్వితే ఆగాల్సొస్తుందేమోనని తవ్వలేదు, అసలు నిజం అదీ.

"పెద్దమ్మగారు చూశారా?" అన్నాడతను, గొర్రు దించబోతూ.

"చూశారు. దున్నమన్నారు," అన్నాను.

మొదటి చాలులోనే తెలిసిపోయింది. గొర్రు వెనక మట్టి రాలడం లేదు. నల్లగా, తడిగా, సబ్బుముక్కల్లా మెరుస్తూ పెళ్లలు లేస్తున్నాయి. చక్రాలకు బురద చుట్టుకుంటోంది. రెండో చాలు చివర అతను వేగం తగ్గించి నా వంక చూశాడు. ఆపమని చెయ్యెత్తితే సరిపోయేది. ఎత్తితే నా అబద్ధం బయటపడుతుంది. పోనిమ్మని చెయ్యి ఊపాను. ప్రతి మలుపులోనూ అతను చూడడం, నేను చెయ్యి ఊపడం. ఎకరం అయ్యాక చక్రం జారి ఉన్నచోటే గిరగిరా తిరగడం మొదలెట్టింది. చివరికి అతనే ఇంజను ఆపేశాడు.

అప్పటికి కూటం ముగించుకుని అత్త గట్టు మీదుగా వస్తోంది. బైబిలు సంచి ఇంకా చేతిలోనే ఉంది. ఎవరినీ పలకరించకుండా ఒక పెళ్ల తీసి విరవబోయింది. అది సాగింది తప్ప విరగలేదు. తడి మీద అణగదొక్కిన రేగడి ఎండితే ఇటుకే. అందులో గింజ మొలవదని ఆవిడకు తెలుసు, ఆ సరికి నాకూ తెలుసు.

"మీరు చూశారంటేనే గదా పెద్దమ్మా నేను దిగింది!" ట్రాక్టరతని గొంతు లేచింది.

అత్త నా వంక చూసింది. చెప్పేద్దామని నోరు తెరిచాను. తెరిచినదాన్ని, తల తిప్పేసుకుని చక్రాల బురద వంక చూశాను.

"అవునబ్బాయ్, చూశాను," అంది ఆవిడ నెమ్మదిగా. "పొరబాటుగా చూశాను. వయసైపోయింది గదా."

ఇంటికొచ్చాక తిడుతుందని ఎదురుచూశాను. "అన్నం తిన్నావా?" అంది, అంతే. తిట్టి ఉంటే బాగుండేది. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆ ఏడు ఆ ఎకరంలో అక్కడొక మొక్క, ఇక్కడొక మొక్క లేచింది. ఆ నష్టం మాది, ఎలాగో ఈదాం. కానీ పెద్దమ్మ పదును తప్పు చూసిందన్న కబురు ఊరంతా పాకింది. నిరుడు తొలకరికి మా గుమ్మం ముందు ఒక్కరూ ఆగలేదు. అత్త వరండాలో కూర్చుని, పొలాలకు పోయే ట్రాక్టర్లను చూస్తూ ఉండిపోయింది. రెండు రోజులు ఓర్చుకుని, ఇక ఉండబట్టలేక, పక్క పొలం రైతును దారిలో ఆపేశాను. అందరికంటే ముందొచ్చి అత్తను అడిగేది ఆయనే.

"బాబాయ్ గారూ, పోయినేడు అత్తయ్య ఆ పొలం చూడనే లేదండీ. చూశారని నేనే అబద్ధం చెప్పాను."

ఆయన నా వంక జాలిగా చూశాడు.

"అత్తని బాగా వెనకేసుకొస్తున్నావమ్మా. మంచి కోడలివి," అని బండి ముందుకు పోనిచ్చాడు.