ఎర్రమన్ను నీళ్ళు పోసిన జాడీ

నా చిన్నప్పుడు, యుద్ధం రోజుల్లో, మేము నగరిలో మగ్గాల వీధిలో ఉండేవాళ్ళం. మా ఇంట్లో నీళ్ళు తేటగా కనబడితే చాలు, మంచివే అనుకునేవాళ్ళు. ఇప్పుడూ మనుషులు అంతే కదా! చెప్పి చెప్పి నా నోరు నొప్పి పుడుతోంది గానీ ఒక్కరూ వినరు.

మా నాయన చెల్లెలు, అంటే మా అత్త, చిత్తూరులో ఒక ఆసుపత్రిలో ఆయాగా పనిచేసేది. అక్కడి డాక్టరమ్మ ఊరు మారిపోతూ ఆమెకొక నీళ్ళ జాడీ ఇచ్చిపోయింది. మా తమ్ముడికి అప్పుడు రెండేళ్ళు. నీళ్ళు పడక వాడికి ఊరికే కడుపు జారుతుండేదని అత్త దాన్ని మాకు తెచ్చిపెట్టింది. ఆవకాయ జాడీలు రెండు ఒకదానిమీద ఒకటి పెట్టినట్టుండేది. పైదాని అడుగున, కాల్చిన తెల్లమట్టితో చేసిన బోలు గొట్టం నిలబెట్టి ఉండేది. ఆ మట్టిలో కంటికి కనబడని సన్నటి రంధ్రాలుంటాయి. నీళ్ళు వాటిలోంచి ఊరి, కింది జాడీలో చుక్కచుక్కగా పడతాయి. మురికీ, రోగం తెచ్చే పురుగులూ గొట్టం బయటే ఆగిపోతాయి. ఉప్పునీళ్ళు మాత్రం ఉప్పగానే వస్తాయి. కరిగిపోయినదాన్ని అది పట్టుకోలేదు. వానకు బురద కలిసిన నీళ్ళైతే ముందు తేర్చి, గుడ్డలో వడకట్టి పోయాలి, లేకపోతే గొట్టం పూడుకుపోతుంది. ఇదంతా అత్త అందరినీ నిలబెట్టి చెప్పింది. మెత్తటి గుడ్డతో తుడవాలే తప్ప గట్టిగా తోమకూడదని మరీ మరీ చెప్పింది.

ఎవరు విన్నారు? మా అవ్వకు, అంటే నాయన తల్లికి, శుక్రవారం వస్తే ఇంట్లో ప్రతి వస్తువూ మెరిసిపోవాలి. ఇత్తడి బిందెలతోపాటు ఆ గొట్టాన్నీ ఊడదీసి, ఇటుకపొడి వేసి, కొబ్బరిపీచుతో బరబరా తోమేది. లోపలి నీళ్ళు పోవడానికి బండమీద ఠంగుమని తట్టేది. ఒక శుక్రవారం అలా తోమాక నీళ్ళు చుక్కలు మాని ధారగా కారడం మొదలుపెట్టాయి.

"సూస్తిరా, నేను తోమినాకనే దీనికి పిసినారితనం పోయినాది!" అంది అవ్వ.

"నీ సెయ్యి పడితే యాదైనా దారికి రావాల్సిందే లేమ్మా" అని నాయన నవ్వాడు.

వారం తిరక్కముందే తమ్ముడికి వాంతులూ విరేచనాలూ పట్టుకున్నాయి. కళ్ళు లోపలికి పోయాయి. ఏడవడానికి కూడా వాడికి గొంతు లేదు. అమ్మ వాణ్ణి ఒడిలోంచి దించలేదు. కబురందుకొని అత్త బస్సెక్కి వచ్చింది. ఆమె గడప దాటకముందే అవ్వ అందుకుంది.

"నీ ఆస్పత్రి జాడీ ఎత్తుకోని పో మే! రోగాలోళ్ళ సొమ్ము ఇంట్లోకి తెస్తివి, బిడ్డకు సుట్టుకున్నాది."

అత్త నేరుగా జాడీ దగ్గరికి నడిచింది. ముగ్గుకు అంచులు దిద్దే ఎర్రమన్ను చెంబెడు నీళ్ళలో కలిపి పైజాడీలో పోసింది. కాసేపు ఆగి కింది జాడీ కొళాయి తిప్పింది. గ్లాసులోకి ఎర్రనీళ్ళే వచ్చాయి.

"ఇదేందే, ఎర్రగానే వస్తా ఉండాది?" అవ్వ గొంతు తగ్గింది.

"మన్నే దూరి వస్తా ఉంటే పురుగు దూరదా? గొట్టం పగిలిపోయిండాది. తోమద్దని ఎన్ని తూర్లు సెప్పినాను! నీకు మెరుపు కావాల్నా, బిడ్డ కావాల్నా?"

గొట్టం మొదట్లో వెంట్రుకంత బీట ఉంది. అవ్వ దాన్ని వేలితో తడిమి చూసి కూలబడిపోయింది. ఆమెను ఓదార్చే ఓపిక అత్తకు లేదు. పొయ్యి రాజేయించి, నీళ్ళు తెర్లకాచి చల్లార్చింది. ఆ నీళ్ళతోనే ఉప్పు వేసిన పలచటి గంజి చేసి చెంచాతో తాపించింది. కక్కితే మళ్ళీ తాపించింది. వీధిలో వాంతిభేది ఉన్నప్పుడు జాడీ బాగున్నా సరే, నీళ్ళు కాచే తాగాలని తిడుతూనే చెప్పింది. ఒక పొద్దున తమ్ముడు అమ్మ మెడ పట్టుకొని గట్టిగా ఏడ్చాడు. ఆ ఏడుపు విని అమ్మ నవ్వింది.

నాకు పెళ్ళయి, పిల్లలు పుట్టి, మొగుడు పోయి ఇన్నేళ్ళు గడిచినా అత్త తిట్లు నా చెవిలోనే ఉన్నాయి. ఇప్పుడు ప్రతి ఇంట్లో ఏదో ఒక నీళ్ళ మిషను ఉంది. తెచ్చి గోడకు తగిలించి, ఇక దాని ఖర్మానికి దాన్ని వదిలేస్తారు. ఎవరింటికి పోయినా, "దీన్ని విప్పి సూసి ఎన్నాళ్ళయిందమ్మా?" అని అడుగుతాను. ముసలిదానికి చాదస్తమంటారు. అననీ. జవాబు వచ్చేదాకా లోటాను నోటి దగ్గరికి పోనివ్వను.