నలభై దాటని ముల్లు

నా చిన్నప్పుడు దెందులూరులో మా ఇల్లూ మా మామయ్య ఇల్లూ ఒకే వీధిలో ఉండేవి. మామయ్యకి ఒక పెద్ద మోటారు సైకిల్ ఉండేది. వరి కోతలు అయిపోయి ధాన్యం మిల్లుకి తోలేశాక, అత్తయ్యని వెనక ఎక్కించుకుని దూరప్రయాణాలు వెళ్ళేవాడు. ఒక యేడు మన్యం చూపిస్తానని నన్నూ తీసుకెళ్ళాడు. ఘాట్ రోడ్డులో ఒక మలుపు దగ్గర బండి మా ముగ్గురి బరువు లాగలేకపోయింది. ఇంజిన్ రొద పెడుతూనే ఉంది, చక్రం మాత్రం ముందుకు కదల్లేదు. మెల్లగా వెనక్కి జారి పక్కకి ఒరిగిపోయింది.

మోకాళ్ళు గీరుకుపోయాయంతే. కానీ ఆ వెనక్కి జారడం నన్ను వదల్లేదు. ఆ తరవాత నేను ఎవరి బండీ ఎక్కలేదు. నాన్న స్కూలు దగ్గర దింపుతానన్నా నడిచే వెళ్ళేదాన్ని. అమ్మ బతిమాలింది, కసిరింది.

మరుసటి యేడు కోతలయ్యాక ఆయన బండిని ఏలూరులో మెకానిక్ సాయిబు గారికి అప్పగించాడు. ఇంజిన్ బలం పెంచి క్లచ్ పాతదే ఉంచితే ఆ బలం చక్రం దాకా చేరదట. అందుకని పెద్ద పిస్టన్‌తో పాటు కొత్త క్లచ్ ప్లేట్లూ, గట్టి స్ప్రింగులూ వేయించాడు. బండి ఇంటికొచ్చాక అత్తయ్య రెండు చేతులతో నొక్కినా క్లచ్ లివర్ కదల్లేదు. "ఏవండీ, బండి బాగుచేయించమంటే చెరుకు గానుగ తెచ్చారేంటండీ" అంది.

ఒక ఉదయం మామయ్య మా గుమ్మం ముందు బండి ఆపాడు. ఎక్కమని అడగలేదు.

"అమ్మలూ, నీతో పని పడింది. కొత్త పిస్టన్ కుదురుకునేదాకా స్పీడు నలభై దాటకూడదంట. దాటితే వేడికి బిగుసుకుని పట్టేస్తుందని సాయిబు గారు మరీ మరీ చెప్పారు. నేను రోడ్డు చూసుకోనా, మీటర్లో ముల్లు చూసుకోనా? మీ అత్తయ్య కళ్ళ సంగతి నీకు తెలుసు కదా."

"అవునులెండి, పెళ్ళిచూపుల నాడే నా కళ్ళు సరిగ్గా పనిచేయలేదు" అంది వెనక కూర్చున్న అత్తయ్య.

నేను చాలాసేపు గుమ్మం పట్టుకునే నిలబడ్డాను. కొల్లేటి దాకా వెళ్తారని విన్నాను. ఆ దారిలో చేపల చెరువులు దాటాక పెద్ద గట్టు ఎక్కాలని కూడా తెలుసు. కానీ పిస్టన్ పట్టేస్తే ఇంత పనీ వృథా. చివరికి వెళ్ళి మామయ్య ముందు ట్యాంకు మీద కూర్చున్నాను. ముల్లు నలభై దగ్గరికి రాగానే ఆయన ఎడమ చేతి మీద తట్టాలి. అదీ నా పని.

ఆ రోజు ఏలూరు ఎలా దాటామో నాకు గుర్తు లేదు. ముల్లే గుర్తుంది. తట్టినప్పుడల్లా మామయ్య "చిత్తం" అని వేగం తగ్గించేవాడు. వెనక గడ్డిమోపు కట్టుకున్న ఒక మోపెడ్ పెద్దాయన మమ్మల్ని దాటేస్తూ, "ఏవండీ, పెట్రోలు గాని అయిపోయిందా, తోయమంటారా" అని అడిగాడు. "లేదండీ, ఇంజిన్ కొత్తది. ఇంకా నడక నేర్చుకుంటోందండీ" అన్నాడు మామయ్య. అత్తయ్య నవ్వుకి బండి ఊగింది. నేను నవ్వలేదు. నాకు పని ఉంది.

ఒకచోట ముల్లు బాగా కిందికి పడిపోయింది. ఇంజిన్ గొంతు లావైంది. ముల్లు మళ్ళీ లేస్తుందేమోనని చూస్తూనే ఉన్నాను. అంతలో మామయ్య బండి ఆపి, "ఇప్పుడు వెనక్కి చూడు అమ్మలూ" అన్నాడు.

చెరువులన్నీ కిందెక్కడో ఉన్నాయి. మేము గట్టు మీద ఉన్నాం. ముందు గుర్రపుడెక్క పచ్చగా పరుచుకున్న కొల్లేరు, దాని మీద బరువుగా ఎగురుతున్న గూడబాతులు. నేను ఇంటి దగ్గర్నుంచీ భయపడుతూ వచ్చిన వాలు నాకు తెలియకుండానే వెనక్కి వెళ్ళిపోయింది.

తాడేపల్లిగూడెంలో కాలేజీకి వెళ్ళే రోజుల్లో నాకు స్కూటీ కొన్నారు. మొదటి రోజు నడుపుతుంటే మీటరు సరిగ్గా నా కళ్ళ ముందే ఉంది. తల కూడా వంచక్కర్లేదు. మామయ్యకీ ఆ రోజు ముల్లు ఇలాగే కనబడి ఉంటుందని అప్పుడు అర్థమై, బండి పక్కకి ఆపి ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

అమ్మనయ్యాక నాకు ప్రతిదానికీ భయమే. పాపకి ఒళ్ళు వెచ్చబడినా, పక్క గదిలో చప్పుడు ఆగిపోయినా గుండె జారుతుంది. అప్పుడు నాకు నేను ఒక పని అప్పగించుకుంటాను. థర్మామీటరు చూడటం, నీళ్ళు కాచి చల్లార్చడం. భయం పోదు కానీ పక్కకి జరిగి కూర్చుంటుంది.

మా పాపకి తల మీద నీళ్ళంటే భయం. చెంబు చూస్తే చాలు, ఏడుపు. ఈ మధ్య దాని చేతికి సబ్బుపెట్టె ఇచ్చి, "ఇది జారిపోతే సబ్బంతా కరిగిపోతుందమ్మా, గట్టిగా పట్టుకో, నాకు రెండు చేతులూ ఖాళీ లేవు" అంటున్నాను. అది కళ్ళు గట్టిగా మూసుకుని, పెట్టెని పొట్టకి అదుముకుని కూర్చుంటుంది. నేను నీళ్ళు పోసేస్తాను. తరవాత చుక్కలు కారుతున్న మొహంతో కళ్ళు తెరిచి, పెట్టె జారలేదని నాకు చూపిస్తుంది.